ఆహార కిట్లు పంచడం ఎలా: జాబితా నుంచి చివరి ఇంటి దాకా

మీ చేతిలో కొంత డబ్బుంది. పనిచేయడానికి పదిమంది ముందుకొచ్చారు. తిండికి ఇబ్బంది పడుతున్న కుటుంబాలు ఎక్కడున్నాయో సుమారుగా తెలుసు. ఇంతవరకు రాగానే చాలామంది నేరుగా సరుకులు కొనడానికి బయల్దేరతారు. ఆ పనిని కాస్త వెనక్కి జరపండి. ఏం కొనాలో, ఎంత కొనాలో తేలాలంటే ముందు ఎవరికి ఇస్తున్నారో తెలియాలి, వాళ్లింట్లో వంట ఎలా సాగుతుందో తెలియాలి. లైన్లో నిలబడగలిగిన మనిషికి సంచి అందించడం ఈ మొత్తం పనిలో సులువైన భాగం. లైను దాకా రాలేని మనిషిని గుర్తుపెట్టుకోవడం కష్టమైన భాగం. కింద చెప్పబోయే ప్రతి అడుగులోనూ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకోండి.

సరుకులా, డబ్బా?

దగ్గర్లో దుకాణాలు తెరిచి ఉండి, సరుకులు దొరుకుతూ, ధరలు నిలకడగా ఉంటే, చాలా సందర్భాల్లో నగదు గానీ కూపన్లు గానీ ఇవ్వడమే మేలు. ఎవరింటికి ఏం కావాలో వాళ్లకే బాగా తెలుసు. మోత ఖర్చు మిగులుతుంది, ఆ డబ్బు అక్కడి చిన్న వ్యాపారుల చేతుల్లోకే వెళ్తుంది. వరదలొచ్చి దారులు తెగినప్పుడు, దుకాణాల్లో సరుకు లేనప్పుడు, ధరలు రోజురోజుకీ ఎగబాకుతున్నప్పుడు, లేదా దాతలు సరుకులే ఇచ్చినప్పుడు కిట్లు సరైన దారి. ఈ ప్రశ్న ఒకసారి నిజాయితీగా వేసుకుని, కిట్లే కావాలని తేలాక ముందుకు వెళ్లండి.

జాబితా తయారుచేయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. జాబితాలో రెండు రకాల తప్పులు దొర్లుతాయి. అవసరం లేనివాళ్ల పేర్లు చేరడం ఒకటి, అవసరమున్నవాళ్ల పేర్లు జారిపోవడం రెండోది. మొదటి రకం తప్పు మీదే అందరూ గొడవపడతారు, ఎందుకంటే అది కళ్లకు కనబడుతుంది. రెండో రకం తప్పుకు గొంతు ఉండదు. నా మటుకు నాకు రెండోదే పెద్ద తప్పు. నలుగురు అనర్హులకు సంచి అందితే కొంత సరుకు పోతుంది. ఒక్క అర్హుడి పేరు జారితే ఆ ఇంట్లో పస్తులుంటారు.

కాబట్టి అర్హత నియమాలు తక్కువగా, తేలిగ్గా సరిచూసుకోగలిగేలా పెట్టండి. ఇంట్లో సంపాదించేవాళ్లు ఎంతమంది, ఈ నెలలో పని దొరికిందా, నిన్న ఇంట్లో ఎన్ని పూటలు తిన్నారు, పిల్లలకు పెట్టడం కోసం పెద్దవాళ్లు మానేశారా: ఇలాంటి నాలుగైదు ప్రశ్నలు చాలు. ఇంటి గోడలు, ఇంట్లో టీవీ చూసి తేల్చేయకండి. నిన్నటిదాకా బాగా బతికి ఉపాధి పోయిన ఇంట్లో టీవీ ఉంటుంది, వండుకోవడానికి గింజలు ఉండవు.

పేర్లు ఒక్కరి నోటి నుంచే తీసుకోవద్దు. ఊరి పెద్దో వీధి నాయకుడో ఇచ్చిన జాబితాలో ఆయనకు తెలిసినవాళ్లుంటారు, ఆయనకు నచ్చనివాళ్లు ఉండరు. కనీసం ముగ్గురిని విడివిడిగా అడగండి. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, ఆరోగ్య కార్యకర్తలు, కిరాణా కొట్టులో అప్పు పద్దు రాసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముగ్గురూ చెప్పిన పేర్లు తేలిగ్గా ఖాయమవుతాయి. ఒక్కరే చెప్పిన పేరు కనబడితే కొట్టేయకండి, ఆ ఇంటికే ముందు వెళ్లండి.

తరచూ జారిపోయేవాళ్లెవరో ముందే రాసి పెట్టుకోండి. ఒంటరిగా ఉండే వృద్ధులు, మంచం పట్టినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, వాళ్లను వదిలి కదల్లేని ఇంటివాళ్లు, బాలింతలు, రాత్రిపూట పనిచేసి పగలు నిద్రపోయేవాళ్లు, పని జరిగేచోటే గుడారం వేసుకుని ఉండే వలస కూలీలు, చేతిలో ఏ కాగితమూ లేనివాళ్లు, ఇరుగుపొరుగు మాట్లాడటం మానేసిన కుటుంబాలు. జాబితా పూర్తయిందనిపించాక ఈ వరుసతో పోల్చి చూడండి. ఏదైనా రకం మనుషులు ఒక్కరు కూడా మీ జాబితాలో లేరంటే, అలాంటివాళ్లు అక్కడ లేరని కాదు, మీ కంటబడలేదని అర్థం. మళ్లీ వెళ్లాల్సిందే.

గుర్తింపు కార్డు లేదన్న కారణంతో ఎవరినీ పక్కన పెట్టకండి. మీరు రాసుకోవాల్సింది పేరు, ఇంట్లో ఎంతమంది, ఎంత చిన్న పిల్లలున్నారు, ఇల్లు ఎక్కడ, అంతే. మతం, ఆదాయం, జబ్బుల వివరాలు, కార్డుల ఫొటోలు ఇవేవీ సేకరించవద్దు. సేకరించిన కాగితం కూడా పదిమంది ఫోన్లలోకి ఎక్కకుండా ఒక్కరి దగ్గరే ఉండాలి. జాబితాను గోడకు అంటించడం కొన్నిచోట్ల పారదర్శకత కోసం చేస్తారు. పేదరికాన్ని నలుగురి ముందు చాటినట్టయ్యే చోట ఆ పని మానుకుని, ఎవరి పేరు వాళ్లు వచ్చి అడిగి తెలుసుకునే వీలు పెట్టండి.

సంచిలో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో యూరప్‌కు చేరిన తొలి కేర్ ప్యాకేజీలు (కేర్ అనే సహాయ సంస్థ పంపిన ఆహార పెట్టెలు) నిజానికి అమెరికా సైన్యం కోసం తయారై మిగిలిపోయిన రేషన్లు. ఆ నిల్వ అయిపోయాక కుటుంబాల కోసం విడిగా ప్యాకేజీలు సర్దడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఈ పనిలో ఇదే తేడా కనిపిస్తుంది. ఇచ్చేవాళ్ల దగ్గర ఏముందో దాన్నిబట్టి కట్టిన సంచి ఒకటి, తినేవాళ్ల ఇంటినిబట్టి కట్టిన సంచి ఒకటి. మీరు రెండోది కట్టండి.

లెక్కకు ఆధారం ఇదీ. సహాయ చర్యలకు కనీస ప్రమాణాలు చెప్పే స్ఫియర్ పుస్తకం ఒక మనిషికి రోజుకు సగటున 2,100 కిలోకేలరీలను ప్రణాళిక అంకెగా తీసుకోమంటుంది. అందులో 10 నుంచి 12 శాతం మాంసకృత్తుల నుంచి, 17 శాతం కొవ్వు నుంచి రావాలి. ఇది పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరినీ కలిపి తీసిన సగటు కాబట్టి, ఒక్కో మనిషికి వేరే లెక్క వేయక్కర్లేదు.

దీన్ని గింజల్లోకి మార్చండి. మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం లేదా పిండి, 60 గ్రాముల పప్పుదినుసులు, 25 గ్రాముల వంటనూనె, 5 గ్రాముల ఉప్పు ఇస్తే సుమారు 1,800 కిలోకేలరీలు వస్తాయి. ఇంకో 40 గ్రాముల వేరుశనగలో అలాంటి నూనెగింజలో, కొద్దిగా పంచదారో చేరిస్తే 2,100 దరిదాపుల్లోకి చేరుతుంది. ఉప్పు అయోడిన్ కలిపినదే కొనండి. నూనె విటమిన్ ఎ కలిపినది దొరికితే అదే తీసుకోండి. డబ్బు తక్కువపడితే పప్పు, నూనె కోసేసి ధాన్యం పెంచాలనిపిస్తుంది, ఎందుకంటే సంచి పెద్దగా కనబడుతుంది. అలా చేయకండి. ధాన్యంలో తక్కువగా ఉండే మాంసకృత్తులు, కొవ్వు పప్పు, నూనెల నుంచే వస్తాయి. సంచి పరిమాణం కన్నా అది ముఖ్యం.

ఇప్పుడు బరువు చూడండి. ఐదుగురున్న ఇంటికి ఒక వారానికి 14 కిలోల ధాన్యం, 2 కిలోల 100 గ్రాముల పప్పు, ఒక లీటరుకు కాస్త తక్కువ నూనె, 175 గ్రాముల ఉప్పు. మొత్తం 17 కిలోల పైమాటే. అదే పదిహేను రోజులకైతే 36 కిలోలు దాటుతుంది. గర్భిణో ముసలమ్మో దాన్ని ఇంటిదాకా ఎలా మోసుకెళ్తారు? పదిహేను రోజులకు ఒకేసారి ఇవ్వక తప్పకపోతే రెండు సంచులుగా కట్టి, మోయడానికి మనుషుల్ని పెట్టండి. నా సలహా అడిగితే వారానికి సరిపడా ఇవ్వండి, రెండుసార్లు ఇవ్వండి. రెండోసారి వెళ్లినప్పుడు మొదటిసారి చేసిన పొరపాట్లు దిద్దుకునే వీలూ దొరుకుతుంది.

అందరికీ ఒకే సంచి ఇస్తే ఒంటరి మనిషికి మిగులుతుంది, ఎనిమిదిమందున్న ఇంటికి మూడు రోజుల్లో అయిపోతుంది. ఒకరిద్దరికి ఒక సైజు, ముగ్గురి నుంచి ఐదుగురికి ఒక సైజు, అంతకు మించితే పెద్ద సైజుకు తోడు చిన్నది. ఇంతకన్నా ఎక్కువ రకాలు పెడితే పంచేటప్పుడు గందరగోళమవుతుంది.

కొనేముందు నాలుగైదు ఇళ్ల వంటచోటు చూసి రండి. పొయ్యి ఏమిటి, వంటచెరకో గ్యాసో ఉందా, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, గిన్నెలున్నాయా. గంటసేపు ఉడకాల్సిన పప్పు ఇచ్చి ఇంధనం సంగతి మరిచిపోతే ఆ పప్పు అలాగే ఉండిపోతుంది. త్వరగా ఉడికే రకం, పొట్టు తీసిన పప్పు ఎంచుకోండి. వీధిలో పడుకునేవాళ్లకు, తాత్కాలిక గదుల్లో ఉండేవాళ్లకు వండక్కర్లేకుండా తినేవి ఇవ్వండి. పళ్లు లేని వృద్ధులకు మెత్తగా ఉడికేవి కావాలి. అక్కడివాళ్లు ఇంట్లో వండని ధాన్యం ఎంత చవకగా దొరికినా కొనవద్దు.

చిన్నపిల్లల విషయంలో కొన్ని కచ్చితమైన నియమాలున్నాయి. డబ్బా పాలపొడి, పాలసీసాలు సాధారణ కిట్లలో పెట్టకూడదు. శుభ్రమైన నీళ్లు లేనిచోట ఆ పాలు పిల్లలకు విరేచనాలు తెస్తాయి, తల్లిపాలు తగ్గిపోతాయి. తల్లిపాలకు బదులు అమ్మే ఉత్పత్తుల మార్కెటింగ్‌పై ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది, ఉచిత పంపిణీకీ అందులో హద్దులున్నాయి. తల్లిలేని పసిబిడ్డ కనబడితే ఆరోగ్య కార్యకర్తకు అప్పగించండి, కిట్టుతో పరిష్కరించబోకండి. పాలిచ్చే తల్లికి మాత్రం అదనంగా పప్పూ నూనే ఇవ్వండి. ఏడాదిలోపు పిల్లలున్న ఇంటికి తేనె ఇవ్వవద్దు, దానివల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వేరుశనగ పడనివాళ్లుంటారు, అందుకే దాన్ని విడి పొట్లంలో కట్టి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి.

నిల్వ, ప్యాకింగ్

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు, జాగ్రత్తగా చేయడమే. బస్తాలు నేల మీద కాకుండా చెక్కలమీద పెట్టండి, గోడకు ఆనించకండి, మధ్యలో మనిషి నడిచే దారి వదలండి. సబ్బులు, బ్లీచింగ్ పౌడరు, కిరోసిన్ వేరే గదిలో ఉండాలి. ముందు గడువు తీరేవి ముందు బయటికి పోవాలి. పంచే రోజుకు ఇంకా రెండు మూడు నెలలైనా గడువు లేని సరుకు తీసుకోకండి, దాత ఎంత పెద్దవాడైనా సరే. ఉబ్బిన డబ్బాలు, పురుగు పట్టిన గింజలు, తడిసిన పిండి పారేయడమే. పేదవాళ్లు ఏమీ అనుకోరులే అన్న మాట వాలంటీర్ల నోట వినబడితే అక్కడికక్కడే ఆపండి.

ప్యాకింగ్ వరుసగా బల్లలు వేసి చేయండి. బరువైనవి అడుగున, నూనె నిలువుగా, ఉప్పు విడి కవర్లో. ప్రతి ఇరవయ్యో సంచినీ తూకం వేయండి. ఇరవై గ్రాములు తక్కువ పడినా మూడువందల సంచులకు 6 కిలోలవుతుంది. వచ్చిన సరుకు, కట్టిన సంచులు, మిగిలిన సరుకు ఒక్క పుస్తకంలో రాయండి, రోజు చివర ఇద్దరు సంతకం పెట్టండి. సంచి మీద దాత బొమ్మ, సంస్థ పేరు పెద్దక్షరాల్లో వేయించకండి. దాన్ని మోసుకుంటూ ఆ మనిషి తన వీధిలోంచే ఇంటికి నడిచి వెళ్లాలి.

పంచే రోజు

తొక్కిసలాట అంటే పెద్ద సభల్లో జరిగేదని అనుకోకండి. 2023 ఏప్రిల్‌లో యెమెన్ రాజధాని సనాలో, పేదలకు సాయం పంచుతున్న చోట తొక్కిసలాటలో 70 మందికి పైగా చనిపోయారు. అవసరం ఎక్కువగా ఉండి, ఎంతమందికి అందుతుందో తెలియక, లోపలికీ బయటికీ ఒకటే దారి ఉన్నచోట ఇలాంటిది ఎక్కడైనా జరగొచ్చు. అందుకే గుంపు చేరకుండా చూడటం మీ మొదటి బాధ్యత.

రెండు మూడు రోజుల ముందే ఇళ్లకు వెళ్లి టోకెన్ ఇవ్వండి. టోకెన్ మీద అంకె, తేదీ, అరగంట సమయం ఉండాలి. టోకెన్ ఉన్న ప్రతివాళ్లకీ సంచి ఉందని గట్టిగా చెప్పండి. తనది తనకు దక్కుతుందన్న నమ్మకం ఉన్న మనిషి తెల్లవారుజామునే వచ్చి నిలబడడు, తోసుకోడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుందనుకుంటే ఒక బల్ల దగ్గర గంటకు 30 మందికి ఇవ్వగలరు. మూడు బల్లలు పెడితే 90 మంది. మూడువందల కుటుంబాలకు దాదాపు మూడున్నర గంటలు. ఈ లెక్క ముందే వేసుకుని, అంతకన్నా ఎక్కువమందిని ఏ అరగంటకూ పిలవకండి.

స్థలంలో వచ్చే దారి ఒకటి, పోయే దారి వేరొకటి ఉండాలి. నీడ, తాగేనీళ్లు, మరుగుదొడ్డి, కూర్చోవడానికి బెంచీలు కావాలి. గర్భిణులు, వృద్ధులు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు ముందు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా లైను వెంట నడిచి పిలుచుకొచ్చే పనికే ఒక వాలంటీరును పెట్టండి. లారీ వెనకనుంచి సంచులు అందించడం, విసరడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. సంచిలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో, అంతా ఉచితమని, ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదని పెద్ద బోర్డు మీద రాయండి. చదువు రానివాళ్ల కోసం బొమ్మలు వేసి, ఒకరు నోటితో కూడా చెబుతూ ఉండాలి.

టోకెన్ లేకుండా వచ్చేవాళ్లుంటారు. వాళ్లను వాదించి పంపేయకుండా, పక్కన ఒక కుర్చీ వేసి పేరు, ఇల్లు రాసుకునే మనిషిని కూర్చోబెట్టండి. నూటికి ఐదో పదో సంచులు అదనంగా కట్టి ఉంచుకుంటే, నిజంగా జాబితాలో జారిపోయినవాళ్లను రెండు రోజుల్లో ఇంటికెళ్లి చూసి ఇవ్వొచ్చు. లైన్లోనే ఇస్తే మరుక్షణం అందరూ లైన్లోకి వస్తారు. సరుకు తక్కువ పడేలా ఉంటే గంట ముందే చెప్పండి. చివర్లో చెబితే మీ మాటకు విలువ ఉండదు, గుంపు కూడా చేయి దాటుతుంది.

లైనుకు రాలేనివాళ్లు

వీళ్ల సంచులు పొద్దున్నే విడిగా లెక్కపెట్టి పక్కన పెట్టండి. చివర్లో మిగిలితే తీసుకెళ్దాం అనుకుంటే ఎప్పుడూ మిగలవు. ఇద్దరేసి వాలంటీర్లను, వీలైతే ఒక ఆడమనిషి ఉండేలా, ఇళ్లకు పంపండి. మంచం పట్టినవాళ్లకు సంచి గుమ్మంలో దించి వచ్చేయకండి. వండిపెట్టేవాళ్లు ఉన్నారా అని అడగండి. ఎవరూ లేకపోతే ఆ ఇంటికి గింజల సంచి వల్ల ఉపయోగం లేదు, వండిన భోజనం కావాలి. పొరుగింట్లో వండిపెట్టడానికి ఒప్పుకునేవాళ్లుంటే వాళ్లకూ ఒక వాటా కలిపి ఇవ్వండి. వండిన అన్నం మోసుకెళ్లాల్సి వస్తే వేడివేడిగా, 60 డిగ్రీల సెల్సియస్ పైనే ఉండేలా మూతపెట్టి తీసుకెళ్లండి. చల్లారాక రెండు గంటలు దాటినది ఇవ్వకండి.

లైనుకు రాలేని మనిషి తరఫున ఎవరు వచ్చి తీసుకోవాలో ఆ మనిషే చెప్పాలి, మీరు గానీ వీధి పెద్ద గానీ నిర్ణయించకూడదు. అలా వేరొకరి చేతికి ఇచ్చిన ప్రతి సంచి గురించీ రెండు రోజుల్లో ఇంటికెళ్లి చేరిందో లేదో చూడండి.

అధికారం చేతిలో ఉన్నప్పుడు

ఆకలితో ఉన్న మనిషికి, సంచి ఇచ్చే మనిషికి మధ్య బలం సమానంగా ఉండదు. 2002లో లైబీరియా, గినీ, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల్లో కొందరు సహాయ సిబ్బంది తిండి ఆశచూపి బాలికలను లైంగికంగా దోచుకుంటున్నారని బయటపడింది. ఆ మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి తన సిబ్బందికి దీనిపై కఠినమైన నియమాలు పెట్టింది. మన గుంపు చిన్నది, అందరూ తెలిసినవాళ్లే అని దీన్ని దాటేయకండి. పని మొదలుపెట్టే ముందే అందరినీ కూర్చోబెట్టి నియమం చెప్పండి: సంచికి బదులుగా డబ్బు, చాకిరీ, ఓటు, ప్రార్థన, ఫోన్ నంబరు, శరీరం, ఏదీ అడగకూడదు. అడిగినట్టు తెలిస్తే ఆ మనిషి అదే రోజు బయటికి. నేరమైతే పోలీసులకు.

ఫిర్యాదు వినే మనిషి సంచులు పంచే మనిషి కాకూడదు. ఫోన్ నంబరు ఒకటి టోకెన్ వెనకే రాయించండి. ఫోన్ లేనివాళ్లు చెప్పుకోవడానికి ఒక ఆడమనిషిని ఆ చుట్టుపక్కల అందుబాటులో ఉంచండి.

ఫొటోల గురించి నా అభిప్రాయం గట్టిది. సంచి అందుకుంటున్న ముఖాన్ని తీయవద్దు. అనుమతి అడిగాం, సరేనన్నారు అంటారు. సంచి మీ చేతిలో ఉండగా కాదనగలిగేవాళ్లెవరు? దాతలకు చూపించడానికి వరసగా పేర్చిన సంచులు, కొనుగోలు బిల్లులు, వాలంటీర్ల చేతులు సరిపోతాయి.

పంచాక

అదే సాయంత్రం లెక్క తేల్చండి. కట్టిన సంచులు, ఇచ్చిన సంచులు, మిగిలినవి కలిసి రావాలి. రాకపోతే ఎందుకో రాయండి. వారం పది రోజుల్లో జాబితాలో ప్రతి పదో పేరును తీసుకుని ఆ ఇళ్లకు వెళ్లండి. సంచి పంచిన వాలంటీరును కాకుండా వేరొకరిని పంపితేనే నిజం చెబుతారు. ఎన్ని రోజులు వచ్చింది, ఏం వాడలేదు, సంచి ఇంటికి తేవడానికి ఎంత ఖర్చయింది, ఎవరైనా ఏమైనా అడిగారా, పొరుగున ఎవరికైనా అందలేదా. ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి, తర్వాతి జాబితాలో చేరే పేర్లు ఎక్కువగా దీనికొచ్చే జవాబుల్లోనే ఉంటాయి.

కొందరు సరుకులో కొంత అమ్ముకున్నారని తెలుస్తుంది. కోప్పడకండి. ఎందుకు అమ్మారో అడగండి. మందులకో, అద్దెకో, పిల్లల ఫీజుకో అమ్మి ఉంటారు. అలాంటి ఇళ్లు చాలా కనబడితే, తర్వాతిసారి సరుకు తగ్గించి నగదు కలపాలన్నమాట.

ఎన్నిసార్లు పంచగలరో మొదటి రోజే చెప్పండి. రెండుసార్లే అయితే రెండుసార్లే అనండి. మళ్లీ వస్తారని ఎదురుచూస్తూ ఉన్న కాస్త పని వదులుకునేవాళ్లుంటారు, అప్పు తెచ్చుకునేవాళ్లుంటారు. చివరి పంపిణీకి కనీసం రెండు వారాల ముందు ఇంటింటికీ కబురు పెట్టండి. ఎవరూ లేని వృద్ధులు, మంచం పట్టినవాళ్లు ఉన్న ఇళ్లను మాత్రం, వాళ్లు ఒప్పుకుంటేనే, ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా పనిచేసే ఆరోగ్య కేంద్రానికో పింఛను చూసే కార్యాలయానికో మీరే స్వయంగా తీసుకెళ్లి చెప్పండి. అక్కడ వాళ్ల పేరు రాసుకున్నారని తెలుసుకున్నాక, మీ దగ్గరున్న జాబితా కాగితాలు చించేయండి.